3 ఎకరాల మున్సిపల్ పార్కుకు మొత్తం పాప్‌అప్ స్ప్రింక్లర్లే వేయించాలా? ముందు బోరు లెక్క చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: హైదరాబాద్ శివార్లలో మీ కాలనీని ఆనుకుని 3 ఎకరాల మున్సిపల్ పార్కు ఉంది. ఒకటే బోరు, 5 హెచ్‌పీ మోటారు. ఇద్దరు మాలీలు పొద్దస్తమానం పైపు పట్టుకుని తిరుగుతున్నా ఏప్రిల్ వచ్చేసరికి లాన్ సగం ఎండిపోతోంది, ట్యాంకర్లు తెప్పిస్తున్నారు. ఒక కాంట్రాక్టరు పార్కంతా 300 పాప్‌అప్‌లు (నీళ్లు వదిలినప్పుడు నేలలోంచి పైకి లేచే స్ప్రింక్లర్లు) వేసి, వాటిని బోరుకే నేరుగా కలిపి, ఫోన్లో నడిచే కంట్రోలర్ పెడతానంటున్నాడు. ఒప్పుకోవచ్చా అని.

ఆ కొటేషన్ ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోకండి. పాప్‌అప్‌లు లాన్‌కి మాత్రమే పెట్టించండి. హెడ్జ్‌లకు, పూల మడులకు డ్రిప్. ఎదిగిన చెట్లకు ఏమీ వద్దు. బోరు నీళ్లు ముందు సంపులో పడాలి, సంపు నుంచి వేరే పంపు లైన్లకు కొట్టాలి. డబ్బు చాలకపోతే కోయాల్సింది ఫోన్ కంట్రోలర్‌ని. సంపునీ, ఫిల్టర్‌నీ, పైపు సైజునీ మాత్రం ముట్టుకోవద్దు.

కారణాలు చెప్తాను, కాస్త లెక్కలుంటాయి.

మొదటి లెక్క: పార్కు ఎన్ని నీళ్లు అడుగుతుంది

ఒక చదరపు మీటరు మీద 1 మి.మీ. నీళ్లు నిలబెడితే 1 లీటరు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే చాలు, ఎవరి కొటేషన్ అయినా మీరే సరిచూసుకోవచ్చు. మన ఎండలకు లాన్ ఏప్రిల్, మే నెలల్లో రోజుకు సుమారు 5 మి.మీ. తాగుతుంది. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. కాబట్టి ఎకరం లాన్‌కి రోజుకు 20 వేల లీటర్లు. స్ప్రింక్లర్ నీళ్లలో కొంత గాలికి పోతుంది, కొంత అంచులు దాటి బాట మీద పడుతుంది. బాగా వేసిన సిస్టమ్‌లో కూడా 75 శాతమే గడ్డికి అందుతుందనుకోండి. అప్పుడు 27 వేల లీటర్లు కావాలి.

మీ పార్కులో ఎకరం లాన్, 2,000 చదరపు మీటర్ల హెడ్జ్‌లు, మడులు, 120 దాకా చిన్న మొక్కలు, మిగిలింది బాటలు, పిల్లల ఆటస్థలం, పెద్ద చెట్ల నీడ అనుకుని లెక్క వేస్తున్నాను. మీ కొలతలు వేరైతే అంకెలు మార్చుకోండి. హెడ్జ్‌లకు రోజుకు 3 మి.మీ. చాలు, డ్రిప్‌లో వృథా తక్కువ కాబట్టి 6,700 లీటర్లు. చిన్న మొక్కలకు రోజు విడిచి రోజు తలా 32 లీటర్లు ఇస్తే రోజువారీగా 1,900 పడుతుంది. మొత్తం కలిపి ఎండాకాలంలో రోజుకు సుమారు 36 వేల లీటర్లు.

ఇప్పుడు మీ బోరు ఎంత ఇస్తుందో చూడండి. 200 లీటర్ల డ్రమ్ము, ఫోన్లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. మోటారు వేసిన వెంటనే కొలిస్తే మోసపోతారు, బోరులో నిల్వ ఉన్న నీళ్లు మొదట జోరుగా వస్తాయి. రెండు గంటలు ఆపకుండా నడిపించి అప్పుడు కొలవండి. అదీ ఏప్రిల్ చివర్లోనో మేలోనో. అక్టోబరులో వచ్చిన అంకె చూసి సిస్టమ్ డిజైన్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, ఎండాకాలంలో ఇబ్బంది పడేదీ ఆ పార్కులే. డ్రమ్ము 3 నిమిషాల 20 సెకన్లలో నిండితే నిమిషానికి 60 లీటర్లు. రోజుకు పది గంటలు నడిస్తే 36 వేలు. సరిగ్గా సరిపోయింది.

నిమిషానికి 40 లీటర్లే వస్తే? పది గంటలకు 24 వేలు. రోజుకు 12 వేల లోటు. 300 కాదు, 600 పాప్‌అప్‌లు పెట్టినా ఆ లోటు పూడదు. అక్కడ చేయాల్సింది లాన్ తగ్గించడం. ప్రతి 1,000 చదరపు మీటర్ల లాన్ రోజుకు 6,700 లీటర్లు లాగుతుంది, అంటే 1,800 చదరపు మీటర్లు తీసేస్తే లెక్క కుదురుతుంది. కానుగ, వేప, రావి చెట్ల కింద నీడలో ఎలాగూ గడ్డి పలచబడి మట్టి తేలుతుంది. ముందు అక్కడ తీసేయండి. రాలిన ఆకుని ఊడ్చి తగలబెట్టకుండా అక్కడే పరిస్తే చెట్టుకి మేలు, మాలీకి పని తక్కువ. కొత్త బోరు వేద్దామంటారా, వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద అనుమతి కావాలి. పైగా కొత్త బోరు పక్క బోరు నీళ్లే లాక్కునే అవకాశం ఎక్కువ.

బోరుకి నేరుగా ఎందుకు కలపొద్దు

పాప్‌అప్ పనిచేసేది ప్రెషర్ మీద. లాన్‌లో వాడే రోటర్‌కి, అంటే తిరుగుతూ దూరానికి ధార కొట్టే స్ప్రింక్లర్‌కి, మూతి దగ్గర 3 బార్ (ప్రెషర్ కొలత) దాకా కావాలి, తిరగకుండా జల్లు కొట్టే చిన్న స్ప్రే హెడ్‌కి 2 బార్. భూగర్భ జలం దిగేకొద్దీ సబ్‌మెర్సిబుల్ మోటారు శక్తి నీళ్లను పైకి తేవడానికే ఖర్చవుతుంది, పైన ప్రెషర్ మిగలదు. నవంబరులో ఒక వాల్వు మీద 15 హెడ్‌లు చక్కగా లేస్తాయి. మేలో అవే హెడ్‌లు సగం లేచి, చుట్టూ బుడబుడమని నీళ్లు కక్కుతాయి. హెడ్‌లు పాడయ్యాయనుకుని మారుస్తారు, కొత్తవీ అంతే చేస్తాయి. దానికితోడు నీళ్లు తగ్గిన బోరు గాలిని, సన్న ఇసుకని కూడా పంపిస్తుంది.

సంపు ఉంటే బోరు తన నిదానంలో తాను పగలంతా నింపుతూ ఉంటుంది. రాత్రి పంపు ఒకే ప్రెషర్‌తో కొడుతుంది. 36 వేల అవసరానికి 30 వేల లీటర్ల సంపు హాయిగా సరిపోతుంది, తడి పెడుతున్నప్పుడు కూడా బోరు నడుస్తూనే ఉంటుంది కాబట్టి. స్థలం లేకపోతే 20 వేలకు తగ్గొచ్చు, అంతకన్నా వద్దు. రెండు ఫ్లోట్ స్విచ్‌లు తప్పనిసరి: సంపు నిండగానే బోరు ఆగాలి, అడుగుకి రాగానే పంపు ఆగాలి. రెండోది లేక కాలిపోయిన మోనోబ్లాక్‌లు (మోటారు, పంపు కలిసే ఉన్నవి) మెకానిక్ షాపుల నిండా కనిపిస్తాయి.

పంపు, పైపు

గంటకు 12 వేల లీటర్లు, 45 మీటర్ల హెడ్ ఇచ్చే పంపు అడగండి. ఇక్కడ హెడ్ అంటే స్ప్రింక్లర్ కాదు, పంపు ఇచ్చే ప్రెషర్‌ని మీటర్లలో చెప్పడం: 10 మీటర్లు అంటే ఒక బార్. 45 ఎలా వచ్చిందంటే: రోటర్‌కి 30, ఫిల్టర్‌లో 5, మెయిన్ లైన్ రాపిడికి 5, వాల్వు, ఫిట్టింగులకు 3, ఎత్తుపల్లాలకు 2. దీనికి 5 హెచ్‌పీ మోనోబ్లాక్ సరిపోతుంది. కానీ కొనేటప్పుడు హెచ్‌పీ చూసి కొనొద్దు. 5 హెచ్‌పీ అని రాసి ఉన్న పంపుల్లోనే 20 మీటర్ల హెడ్‌కి ఎక్కువ నీళ్లు పోసేవీ ఉంటాయి, 45కి కొట్టేవీ ఉంటాయి. పంపుతో వచ్చే పట్టికలో 45 మీటర్ల దగ్గర ఎన్ని లీటర్లో చూడండి.

కొటేషన్‌లో మెయిన్ లైన్ 50 మి.మీ. అని ఉందేమో చూసుకోండి. ఈ ప్రవాహానికి 50 మి.మీ. పీవీసీ ప్రతి 100 మీటర్లకు దాదాపు 8 మీటర్ల హెడ్ తినేస్తుంది. 63 మి.మీ. అయితే 3 లోపే. పార్కు చివరి మూల 200 మీటర్ల దూరంలో ఉంటే ఆ తేడా 10 మీటర్లు, అంటే ఒక బార్. గేటు దగ్గర హెడ్‌లు చక్కగా తిరుగుతాయి, చివరి మూల గడ్డి పసుపు పచ్చగా ఉంటుంది. సాధారణంగా దాన్ని మట్టి దోషం కింద కొట్టేస్తారు. మెయిన్ 63కి తగ్గొద్దు, దూరం ఎక్కువుంటే 75 వేయండి. పీవీసీకి ఐఎస్ 4985 ముద్ర, 6 కిలోల ప్రెషర్ తరగతి అడగండి. పైపు కనీసం రెండడుగుల లోతున ఉండాలి. కందకం పూడ్చకముందే, పని ప్రెషర్‌కి ఒకటిన్నర రెట్లు ఎక్కించి గంటసేపు నిలబెట్టి చూడాలి. పూడ్చాక దొరికే లీకేజీ పది రెట్లు ఖరీదు.

పెద్ద చెట్ల దగ్గర జేసీబీ వద్దు. కొమ్మలు ఎంతవరకు పరచుకున్నాయో ఆ నీడ లోపల కందకం తప్పనిసరైతే పారతో, గునపంతో తవ్వించి, బొటనవేలి కన్నా లావు వేరు కనిపిస్తే దాని కింద నుంచి పైపు దూర్చండి. వేర్లు ఒకవైపు తెగిన గుల్మోహర్ వానాకాలం గాలికి పడిపోవచ్చు.

ఏ హెడ్, ఎన్ని

పెద్ద లాన్‌కి గేర్ రోటర్, 9 మీటర్ల దూరానికొకటి. ఎకరానికి లోపలివి, అంచులవి కలిపి 65 దాకా పడతాయి. బాట పక్కన 4, 5 మీటర్ల వెడల్పున్న సన్నని గడ్డి పట్టీలకు తిరిగే జల్లుల నాజిల్, అంటే వేళ్లలా విడివిడి ధారలు నెమ్మదిగా తిరుగుతాయే, అది. మీ కాంట్రాక్టరు చెప్పిన 300 అంకె చూస్తే మామూలు స్ప్రే నాజిల్‌లు అనిపిస్తోంది. వాటితో చిక్కు ఏమిటంటే, స్ప్రే గంటకు 40 మి.మీ. పోస్తుంది, రోటర్ 10 మి.మీ. ఎకరం మొత్తానికి స్ప్రే వేస్తే గంటకు 1,60,000 లీటర్ల ప్రవాహం. 12 వేల పంపుతో అది 14 జోన్లవుతుంది (ఒక వాల్వు కింద ఒకేసారి తడిసే భాగం ఒక జోన్), అంటే 14 వాల్వులు. రోటర్లకు 40 వేలే, 4 జోన్లు చాలు. మొత్తం నడిచే టైము మాత్రం దాదాపు ఒకటే: జోన్‌కి 10 నిమిషాల చొప్పున 14, లేదా 40 నిమిషాల చొప్పున 4. పైగా జనం నడిచి నడిచి గట్టిపడ్డ పార్కు నేల గంటకు 40 మి.మీ. ఇంకించుకోలేదు. నీళ్లు బాట మీదికి పారి, పొద్దున వాకింగ్‌కి వచ్చినవాళ్లు జారిపడతారు.

ఒకే వాల్వు మీద స్ప్రే, రోటర్ కలపనివ్వకండి. రోటర్ కింద గడ్డి తడిసేలోపు స్ప్రే కింద మడుగు కడుతుంది. మూలల్లో పావు వృత్తం తిరిగే రోటర్‌కి పూర్తి వృత్తం నాజిల్‌లో నాలుగో వంతు పోసే నాజిల్ పెట్టాలి. అన్నిటికీ పెట్టెలో వచ్చిన ఒకే నాజిల్ బిగించి వెళ్లిపోతే మూలలు నాలుగింతలు తడుస్తాయి.

ఒక హెడ్ జల్లు పక్క హెడ్ మొదలు దాకా చేరాలి. "హెడ్‌లు తగ్గించి దూరం పెంచుదాం, ఖర్చు కలిసొస్తుంది" అంటే వినకండి. ఎండాకాలంలో హెడ్ చుట్టూ పచ్చగా, మధ్యలో ఎండిన నక్షత్రం ఆకారంలో మచ్చలు పడతాయి. ఆ మచ్చ తడవాలని మాలీ టైము రెట్టింపు చేస్తాడు, మిగతా అంతా బురదవుతుంది.

హెడ్‌ని పైపుకి నేరుగా బిగించకుండా మడతలు తిరిగే స్వింగ్ జాయింట్ మీద పెట్టించండి. గడ్డి కోసే మిషను చక్రం ఎక్కినా, పిల్లల క్రికెట్ బంతి తగిలినా హెడ్ కిందికి ఒదుగుతుంది, పైపు టీ విరగదు. హెడ్ మూత నేలకు సమంగా ఉండాలి, బాట అంచు నుంచి నాలుగు వేళ్లు లోపలికి. పల్లంలో ఉన్న హెడ్‌లకు లోపల చెక్ వాల్వు ఉన్న రకం తీసుకోండి. లేకపోతే పంపు ఆగాక లైన్‌లో నీళ్లన్నీ ఆ ఒక్క హెడ్ నుంచి కారిపోయి రోజూ అక్కడ బురద గుంట, దాంట్లో దోమలు.

హెడ్జ్‌లకు డ్రిప్

16 మి.మీ. ఇన్‌లైన్ పైపు, 40 సెం.మీ.కొక రంధ్రం, గంటకు 2 లీటర్లు, ఐఎస్ 13488 ముద్ర. వరుసకీ వరుసకీ 60 సెం.మీ. ఒక్కో లేటరల్, అంటే వరుస వెంట వేసే ఈ సన్న పైపు, 60 మీటర్లు దాటకపోతే మంచిది. 2,000 చదరపు మీటర్లకు గంటకు 16,700 లీటర్లు కాబట్టి రెండు జోన్లు, ఒక్కోటి 25 నిమిషాలు. ప్రతి జోన్ మొదట్లో ప్రెషర్‌ని 1 బార్‌కి తగ్గించే రెగ్యులేటర్ ఉండాలి. మరిచిపోతే రోటర్ ప్రెషర్‌కి డ్రిప్ జాయింట్లు ఒక్కొక్కటే ఊడొస్తాయి. ఎత్తున్న చోట గాలి వాల్వు పెట్టండి. పంపు ఆగినప్పుడు పైపులో ఖాళీ ఏర్పడి రంధ్రాలు చుట్టూ ఉన్న మట్టిని లోపలికి పీల్చుకుంటాయి, ఈ వాల్వు దాన్ని ఆపుతుంది.

పంపు దగ్గర 120 మెష్ డిస్క్ ఫిల్టర్, ముందు వెనక ఒక్కో ప్రెషర్ గేజ్. రెండు గేజ్‌ల తేడా 0.5 బార్ దాటితే కడగాలి. మాలీకి ఈ ఒక్క నియమం చెప్తే చాలు, తేదీలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. బోరు ఇసుక పోస్తుంటే ఫిల్టర్‌కి ముందు హైడ్రోసైక్లోన్ (నీళ్లను సుడి తిప్పి ఇసుక వేరుచేసేది) కూడా కావాలి. మన బోర్ల నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి డ్రిప్ పైపులకు ఏడాదికి ఒకటి రెండుసార్లు యాసిడ్ పట్టించాల్సి వస్తుంది. యాసిడ్‌ని నీళ్లలో పోయాలి తప్ప నీళ్లని యాసిడ్‌లో పోయకూడదు. పార్కు మూసి ఉన్నప్పుడే, చేతులకు తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని చేయాలి. తర్వాత లేటరల్ చివరలు తెరిచి పూర్తిగా కడగాలి.

చిన్న మొక్కలకు తలా నాలుగు డ్రిప్పర్లు, ఒక్కోటి 8 లీటర్లవి, గంటసేపు. మొదలుకి ఆనించి పెడితే కాండం కుళ్లుతుంది, అడుగు దూరంలో పెట్టి, చెట్టు పెరిగేకొద్దీ బయటికి జరపండి. మూడేళ్లు దాటిన వేప, కానుగకు ఆపేయొచ్చు.

ఎస్టీపీ నీళ్లు

పక్క అపార్ట్‌మెంట్ల ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నీళ్లు మిగిలిపోతుంటే తప్పక అడగండి, లోటు అక్కడే తీరొచ్చు. డ్రిప్‌కి అవి చాలా బాగుంటాయి, అయితే డిస్క్ ఫిల్టర్‌కి ముందు ఇసుక ఫిల్టర్ ఉండాలి, లేకపోతే పాచి త్వరలోనే రంధ్రాలు మూసేస్తుంది. స్ప్రింక్లర్‌లో వాడాలంటే నీళ్లకు క్లోరిన్ పట్టించాలి, పార్కులో మనిషి లేని టైములోనే నడపాలి. ఆ లైన్ ఊదా రంగు పైపుతో విడిగా ఉండాలి, "తాగరాదు" బోర్డు ఉండాలి, తాగునీటి కుళాయి లైన్‌తో ఎక్కడా, వాల్వు పెట్టి కూడా, కలవకూడదు.

టైము, ఆటోమేషన్

లాన్‌కి 2 గంటల 40 నిమిషాలు, హెడ్జ్‌లకు 50 నిమిషాలు, మొక్కలకు గంట. మొత్తం నాలుగున్నర గంటలు. వాకర్లు 5కే గేటు దగ్గరుంటారు కాబట్టి అర్ధరాత్రి 12 నుంచి 4:30 మధ్య పెట్టండి. రేగడి నేలైతే 40 నిమిషాల్ని 20, 20గా విడదీసి మధ్యలో గంట వదలండి. మీది ఎర్ర చలక అయితే అవసరం లేదు.

రాత్రి ఎవరూ ఉండరు కాబట్టి ఆటోమేషన్ మంచిదే. కానీ సోలనాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకుని మూసుకునేది) లోపలి రబ్బరు పొర, అంటే డయాఫ్రంలో ఒక ఇసుక రేణువు ఇరుక్కుంటే ఆ జోన్ ఆగదు, తెల్లారేసరికి సంపు ఖాళీ. అందుకే ఫిల్టర్, ఫ్లోట్ లేని ఆటోమేషన్ కన్నా మాలీ చేత్తో తిప్పే బాల్ వాల్వే నయం. డబ్బు తక్కువుంటే ఇప్పుడు బాల్ వాల్వులు పెట్టి, అదే కందకంలో కేబుల్ కోసం ఖాళీ కండ్యూట్ పడేయండి. వచ్చే ఏడాది సోలనాయిడ్లు బిగించుకోవచ్చు, మళ్లీ తవ్వక్కర్లేదు. కేబుల్ జాయింట్లకు టేపు చుట్టి వదిలేయనివ్వకండి, గ్రీజు నింపిన వాటర్‌ప్రూఫ్ కనెక్టర్లే వాడాలి. వాల్వు పెట్టెల్లో నీళ్లు నిలుస్తాయి, టేపు జాయింట్ ఒక వానాకాలం కూడా ఆగదు. కంట్రోలర్‌కి ఎర్తింగ్, సర్జ్ ప్రొటెక్టర్, వాన సెన్సర్ ఉండాలి. వాన పడుతుంటే స్ప్రింక్లర్లు తిరుగుతున్న ఫొటో ఒకటి చాలు, కాలనీ గ్రూపులో మీ పరువు పోవడానికి.

ఇత్తడి వాల్వులు, కప్లింగులు పార్కులో నిలవవు, దొంగల చేతికి చిక్కి పాత సామాన్ల కొట్టుకి పోతాయి. ప్లాస్టిక్‌వి పెట్టి, పెట్టెలకు బోల్టు మూతలు వేయండి.

మాలీలను తీసేయొద్దు. ఆకుల మీద దుమ్ము కడగడానికి, కొత్త మొక్కలకు మెయిన్ లైన్ మీద నాలుగైదు చోట్ల పైపు తగిలించే క్విక్ కప్లింగ్ వాల్వులు ఎలాగూ కావాలి. వారానికోసారి పగలు ఒక్కో జోన్‌ని రెండు నిమిషాలు నడిపి వంగిన, మూసుకున్న హెడ్‌లు సరిచేసేదీ వాళ్లే.

అగ్రిమెంట్‌లో రాయించాల్సినవి

తవ్వడానికి పార్కు చూసే మున్సిపల్ విభాగం రాతపూర్వక అనుమతి. పైపులు, వాల్వులు, కేబుల్ ఎక్కడున్నాయో పని అయ్యాక గీసిన అసలు మ్యాపు. హెడ్‌లు, నాజిల్‌లు నూటికి ఐదు చొప్పున విడిగా. ఒక పూర్తి ఎండాకాలం కలిసొచ్చేలా నిర్వహణ.

అన్నిటికన్నా ముఖ్యం గ్లాసుల టెస్టు. ఒకే రకం ప్లాస్టిక్ గ్లాసులు 20 తీసుకుని లాన్‌లో 3 మీటర్లకొకటి పెట్టి, గాలి లేనప్పుడు జోన్‌ని 40 నిమిషాలు నడపండి. ఒక్కో గ్లాసులో నీళ్లు మందుల సిరంజితో మిల్లీలీటర్లలో కొలవండి. అన్నిటికన్నా తక్కువ పడ్డ ఐదు గ్లాసుల సగటుని మొత్తం 20 గ్లాసుల సగటుతో భాగించండి. 0.7 పైన వస్తే పని బాగా చేశాడు. 0.55 కన్నా తక్కువైతే నాజిల్‌లు, దూరాలు సరిచేయించాలి. చివరి బిల్లులో కొంత ఆపి, ఈ టెస్టు రెండుసార్లు జరగాలని రాయండి: పని పూర్తయిన రోజు ఒకసారి, మే నెలలో సంపు రోజూ అడుగుదాకా ఖాళీ అవుతున్నప్పుడు ఇంకోసారి. తవ్వకం పని మాత్రం వానలు ఆగాక నవంబరులో మొదలుపెట్టించండి. నేల మెత్తగా ఉంటుంది, కందకంలో నీళ్లు చేరవు, ఫిబ్రవరి ఎండలు మొదలయ్యేలోపు లీకేజీలు సరిచేసుకునే వ్యవధి ఉంటుంది.